ముక్కు వైపు నుంచి తీసింది చాలు

ముందే చెప్పేస్తున్నాను, ఈ తప్పు నేనూ చేశాను. ఒక పెద్ద స్టేషన్ బయట సిమెంటు దిమ్మె మీద నిలబెట్టిన ఆవిరి ఇంజను. సాయంత్రం అయిదున్నర, వెలుతురు పక్కనుంచి మెత్తగా పడుతోంది. మోకాళ్ళ మీద కూర్చుని, కెమెరాని పట్టాల ఎత్తుకి దించి, ముక్కు మీది నక్షత్రం ఫ్రేముకి సరిగ్గా మధ్యలో వచ్చేట్టు చూసుకున్నాను. దిమ్మె నీడలో ఒకాయన తలకింద సంచీ పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఆయన ఫ్రేములోకి రాకుండా రెండడుగులు ఎడమకి జరిగాను. ఇంటికొచ్చి ఫొటోని నలుపు తెలుపు చేసి, కాంట్రాస్ట్ కాస్త పెంచి, కింద "ఒక యుగం ఇక్కడ ఆగింది" అని రాసి పెట్టాను. నేను తీసినవాటిలో ఎక్కువమందికి నచ్చిన ఫొటో అదే.

మీ ఫోన్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఢిల్లీ రైలు మ్యూజియంలో తీసిందో, ఏ రైల్వే ఆఫీసు గేటు ముందు తీసిందో. ఇంజను మారుతుంది, ఊరు మారుతుంది, నిలబడే చోటు మాత్రం మారదు. ముందు నుంచి, కింద నుంచి, మనుషుల్లేకుండా. నా గొడవంతా ఈ మూడింటితోనే.

నేను తీసింది డబ్ల్యూపీ తరగతి ఇంజను. మన బ్రాడ్‌గేజి మెయిళ్ళనీ ఎక్స్‌ప్రెస్‌లనీ కొన్ని దశాబ్దాలు లాగింది ఇవే. మొదటి 16 ఇంజన్లు 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి. ఆ తర్వాత కెనడా, పోలండ్, ఆస్ట్రియా, చివరికి మన చిత్తరంజన్, అన్నిచోట్లా కలిపి 1967 దాకా 755 తయారయ్యాయి. ముందుభాగం తూటాలా మొనదేలి ఉంటుంది, దాని మీద వెండిరంగు నక్షత్రం. ఆ ముక్కు ఇంజను లాగడానికి పెద్దగా పనికొచ్చేదేం కాదు, అందం కోసం పెట్టింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి బండి కోసం ఎదురుచూసే ప్రయాణికుడికి మొదట కనబడేది అదే కాబట్టి. అంటే డెబ్భై ఏళ్ళ కిందట ఎవరి కళ్ళ కోసం ఆ ముక్కు గీశారో, ఇవాళ మన కెమెరా కూడా సరిగ్గా ఆ కళ్ళతోనే దాన్ని చూస్తోంది. మధ్యలో ఇంత కాలం గడిచినా మనం ప్లాట్‌ఫారం దిగలేదు.

ఇంజనుకి ఇంకో కొస ఉంది. అక్కడ ముగ్గురు మనుషులు నిలబడేవాళ్ళు, ఒక డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు. ఒక ఫైర్‌మన్ పారతో బొగ్గు వేస్తుంటే రెండోవాడు వెనక టెండర్‌లో పెద్ద పెళ్ళలు పగలగొట్టి ముందుకి లాగేవాడు. డబ్ల్యూపీలో బొగ్గు మండే జల్లెడ వైశాల్యం 46 చదరపు అడుగులు. మన ఇళ్ళలో డబుల్ కాట్ కంటే కాస్త పెద్దదన్నమాట. పరుగెత్తే ఇంజను మీద ఊగుతూ నిలబడి, చిన్న తలుపులోంచి, డబుల్ కాట్‌కి నాలుగు మూలలా సమానంగా బొగ్గు పరచాలి. ఒక మూల పలచబడితే చల్లగాలి చొరబడుతుంది, ఇంకో మూల గుట్టపడితే చిట్టెం కడుతుంది. మన బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి ఆ చిట్టెం బాధ ఇంకా ఎక్కువ. ఇవన్నీ చూసుకుంటూ బాయిలర్‌లో 210 పౌండ్ల ఒత్తిడి పడిపోకుండా నిలబెట్టాలి. కారు టైర్లో కొట్టించే గాలికి ఆరేడు రెట్లు అది. ఇటు అద్దపు గొట్టంలో నీటిమట్టం మీద నుంచి కన్ను తీయకూడదు.

ఈ కొసని ఎవరూ ఫొటో తియ్యరు. ఎందుకు తియ్యరో నాకూ తెలుసు. చీకటిగా ఉంటుంది, ఇరుగ్గా ఉంటుంది. చాలాచోట్ల క్యాబ్‌కి ఇనప చువ్వలు వెల్డింగ్ చేసేసి ఉంటాయి. పైగా అక్కడ చూడ్డానికి అందమైనదేమీ లేదు, గొట్టాలు, చక్రాలు, మీటలు, మసి. ఇన్‌స్టాలో అది పదిమందికి కూడా నచ్చదు.

సరే, ఫొటోలు మాత్రమే ఇలా ఉన్నాయా? మన రాతలు చూడండి. తెలుగులో రైలు మీద రాసిన జ్ఞాపకాల వ్యాసం ఒకటి తెరవండి, ఎవరిదైనా ఫర్వాలేదు. కిటికీ పక్క సీటు ఉంటుంది, మట్టి కూజా ఉంటుంది, పులిహోర పొట్లం ఉంటుంది. తప్పకుండా కంట్లో పడ్డ బొగ్గు నలుసు ఒకటి ఉంటుంది, అమ్మ చీరకొంగుని నోటి ఆవిరితో వెచ్చచేసి కంటికి అద్దుతుంది. చదివినప్పుడల్లా నాకూ మనసు కరుగుతుంది, కాదనను. కానీ ఆ నలుసు ఎక్కణ్ణుంచి వచ్చింది అన్న ప్రశ్న నాకు తెలిసి ఆ వ్యాసాల్లో ఎక్కడా రాదు. ఏడాదికి ఒకసారి వేసవి సెలవుల్లో మన కంట్లో పడ్డదాన్ని ముప్ఫయ్యేళ్ళపాటు రోజూ మింగిన మనిషి అదే బండిలో, పది పెట్టెలు ముందు నిలబడి ఉన్నాడు. మన జ్ఞాపకాల సాహిత్యంలో అతనికి టికెట్టు దొరకలేదు.

మన మాటల్లోనే ఉంది ఇది. పొగబండి అన్నాం. ఇంకాస్త పెద్దమనుషులు ధూమశకటం అన్నారు. పొగ కనబడింది, బండి కనబడింది.

ఆ పొగ గురించి కాస్త మాట్లాడాలి, ఎందుకంటే ఫొటోగ్రాఫర్ల మోజంతా దాని మీదే. ప్రపంచంలో ఎక్కడ పాత ఆవిరి ఇంజన్లని మళ్ళీ నడిపినా, కెమెరాలు పట్టుకున్నవాళ్ళు లైను పక్కన బారులు తీరి నల్లటి పొగ కావాలంటారు. వాళ్ళ కోసం డ్రైవర్లు కావాలనే పొగ పుట్టిస్తారు కూడా. అసలు సంగతేమిటంటే, దట్టమైన నల్లపొగ అంటే బొగ్గు సరిగా మండలేదని అర్థం. ఒకేసారి ఎక్కువ వేసినా, గాలి చాలకపోయినా అలా వస్తుంది. మంచి ఫైర్‌మన్ నిప్పు మీద పొగ పలచగా, లేత బూడిదరంగులో ఉంటుంది. గొట్టంలోంచి నల్లగా లేస్తే బొగ్గు వృథా చేస్తున్నావని పైవాళ్ళు తిట్టేవాళ్ళు. మనం గోడకి తగిలించుకునే ఆ అద్భుతమైన దృశ్యం ఒక పనివాడి తప్పు. అతను బాగా పని చేసిన రోజు మన ఫొటోకి పనికిరాదు.

చప్పుడు సంగతీ అంతే. పిల్లలకి చుక్ చుక్ అని నేర్పిస్తాం. సిలిండర్లలో పని పూర్తయిన ఆవిరి పొగగొట్టంలోంచి బయటికి తన్నుకొచ్చేటప్పటి చప్పుడు అది. రెండు సిలిండర్ల ఇంజనుకి చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు చప్పుళ్ళు. ఆ ఆవిరి పోతూ పోతూ పొగని కూడా ఈడ్చుకుపోతుంది, దాంతో జల్లెడ కిందనుంచి కొత్తగాలి వచ్చి నిప్పుని రాజేస్తుంది. చదువుకునే రోజుల్లో దీని గురించి తెలిసినప్పుడు ఎవడ్రా ఇది కనిపెట్టింది అని మురిసిపోయాను, ఇంజను ఎంత కష్టపడితే నిప్పు అంత రాజుకుంటుంది, ఎంత ముచ్చటైన ఏర్పాటు! ఫైర్‌మన్ వైపు నుంచి చూస్తే ప్రతి చుక్కుకీ కొంత బొగ్గు అయిపోతోంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ చప్పుడు గంభీరంగా మారుతుంది చూడండి, రికార్డు చేసి రింగ్‌టోన్ పెట్టుకుంటాం, అది "ఇంకా వెయ్యి, ఇంకా వెయ్యి" అనే కేక.

ఇక్కడ మా తాతయ్య గురించి చెప్పక తప్పదు. అమ్మ వాళ్ళ నాన్న. బిట్రగుంట. నెల్లూరుకీ కావలికీ మధ్య ఉన్న ఈ ఊరి పేరు ఇప్పుడు చాలామందికి తెలియదు గానీ, మద్రాసు–విజయవాడ లైను మీద ఆవిరి రోజుల్లో అది పెద్ద లోకోషెడ్డు. ఊరంటే షెడ్డే, షెడ్డు చుట్టూ కాలనీ. ఆవిరి పోయాక షెడ్డూ పోయింది, ఊరు ఖాళీ అయింది. తాతయ్య అక్కడ క్లీనరుగా చేరి, రెండో ఫైర్‌మనై, మొదటి ఫైర్‌మనై, చివరి ఏళ్ళలో డ్రైవరయ్యాడు. నేను పుట్టేనాటికి ఆయన ఆవిరి ఇంజను దిగిపోయాడు. నాకు తెలిసిన తాతయ్య అరుగు మీద కూర్చుని దగ్గే మనిషి.

ఆ ఫొటో తీసుకెళ్ళి ఆయనకి చూపించాను. సంబరపడతాడనుకున్నాను. ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ముందర నుంచి తీసినావా?"

"అవును తాతా. బాగుంది కదా?"

"బాగుండాది. క్లీనరుగా ఉన్నప్పుడు రుద్దిందే అబ్బయ్యా ఈ మొహం. ఎక్కినాక మళ్ళా యాడ చూసినాం." ఫోను తిరిగి ఇచ్చేస్తూ అడిగాడు, "లోపల తీయలా?"

తీయలేదు. లోపల తీయాలని నాకు తట్టనే లేదు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, బాయిలర్ బొమ్మలు పరీక్షల్లో గీసినవాణ్ణి, స్వయానా ఫైర్‌మన్ మనవణ్ణి. ఆ ఇంజను చుట్టూ గంటన్నర తిరిగి, ఒక్కసారి కూడా క్యాబ్‌లోకి తొంగి చూడలేదు. తప్పు అని మొదట్లో నేనన్నది దీనికే.

నిందంతా ఫొటో తీసేవాళ్ళదే అనను. ఇంజన్ని అక్కడ నిలబెట్టినవాళ్ళూ ముందు నుంచి చూడమనే నిలబెడతారు. ఏడాదికోసారి నల్లరంగు కొడతారు, ఎంత మెరిసేట్టు కొడతారంటే అందులో మన మొహం కనబడుతుంది. చక్రాల అంచులకి తెల్లరంగు. చక్రాలని కలిపే ఉక్కు కడ్డీలు పని చేసే రోజుల్లో రంగు లేకుండా నూనెతో నిగనిగలాడేవి, వాటికిప్పుడు సిల్వర్ పెయింటు. తయారీ ఫలకం మీదా రంగే, అక్షరాలు వేళ్ళతో తడిమి చదువుకోవాలి. ఇక బోర్డు. తయారైన సంవత్సరం ఉంటుంది, బరువు ఉంటుంది, చక్రాల అమరిక 4-6-2 అని ఉంటుంది. దీన్ని ఎంతమంది నడిపారు, రోజుకి ఎన్ని గంటలు నడిపారు అన్నది ఉండదు.

ఆ గంటల కథ చిన్నదేం కాదు. బండి ఆలస్యమైతే డ్యూటీ సాగుతుంది, పధ్నాలుగు గంటలు, పదహారు గంటలు, దిగమనేవాడు లేడు. ఇంజను సిబ్బంది దాని మీదే పోరాడి 1973లో పది గంటల పరిమితికి ప్రభుత్వం చేత ఒప్పుకోలు తెచ్చుకున్నారు. ఒప్పుకున్నది అమలయ్యేలోగా 1974 మే వచ్చింది. మే 8 నుంచి 27 దాకా, ఇరవై రోజులు, సుమారు 17 లక్షలమంది రైల్వే కార్మికుల సమ్మె. వేలమందిని జైళ్ళలో పెట్టారు, ఉద్యోగాలు తీశారు, సర్వీసు బ్రేకులు వేశారు. స్వతంత్ర భారతదేశంలో అంత పెద్ద సమ్మెకి కారణమైన ఫిర్యాదుల్లో ఒకటి పుట్టింది ఈ క్యాబ్‌లో, ఈ రెండు గజాల చోట్లో. మనం సెల్ఫీ దిగే ఇంజను ఆ ఇరవై రోజుల్లో ఏదో షెడ్డులో చల్లారి పడి ఉండొచ్చు. బోర్డు మీద ఒక్క లైను రాస్తే ఏం పోతుంది?

ఇంజన్లకి పేర్లు పెట్టడం మాత్రం మనకి బాగా వచ్చు. చిత్తరంజన్‌లో 1950లో తయారైన మొదటి ఇంజను దేశబంధు. 1970లో అక్కడ తయారైన చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజను అంతిమ్ సితారా. రేవాడీ షెడ్డులో ఉన్న 1965 నాటి డబ్ల్యూపీ పేరు అక్బర్, అది హిందీ సినిమాల్లో కూడా నటించింది. తాతయ్యకి షెడ్డులో ఒక టికెట్ నంబరుండేది.

ఇప్పుడు రైలు ఫొటోల్లో పండిపోయిన మిత్రులు ఒక మాటంటారు, నాతో చాలాసార్లు అన్నారు. ఫ్రేములో మనుషులుంటే ఫొటో పాడవుతుంది బాస్, కాంపొజిషన్ దెబ్బతింటుంది. ఈ శుద్ధి ఎవరు నేర్పారో నాకు తెలియదు. ఆవిరి ఇంజన్ల ఫొటోల్లో తలమానికం అనదగ్గవి ఓ. విన్‌స్టన్ లింక్ తీశాడు, 1955 నుంచి అయిదేళ్ళపాటు, అమెరికాలో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ లైను మీద, అర్ధరాత్రుళ్ళు వరసగా ఫ్లాష్ బల్బులు పేర్చి. అతని ఫొటోల్లో ఇంజను ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. వాగులో ఈదుకునే పిల్లలుంటారు, కారులో కూర్చుని సినిమా చూసే జంట వెనక నుంచి బండి పోతుంటుంది, షెడ్డులో ఇంజన్లు కడిగే పనివాళ్ళుంటారు. అన్నీ ముందే పథకం వేసి నిలబెట్టి తీసినవే, నిజమే. కానీ ఒక యుగం పోతోందని తెలిసినప్పుడు అతనికి ఫ్రేములో ఎవర్ని నిలబెట్టాలనిపించిందో చూడండి.

మన దగ్గరికి వస్తే స్టీవ్ మెకరీ 1983లో ఆగ్రాలో తీసింది ప్రపంచమంతా తిరిగింది. తాజ్‌మహల్ ముందు ఆవిరి ఇంజను, దాని మీద మనుషులు. ఆ మనుషుల్ని కాసేపు చేత్తో కప్పి చూడండి. టూరిజం శాఖ పోస్టరు మిగులుతుంది.

ఇంకో వాదన ఉంది, ఇది కొంచెం గట్టిది. దిమ్మె మీది ఇంజను దగ్గర ఇప్పుడు ఫైర్‌మన్ ఎక్కడున్నాడు, లేనివాణ్ణి ఎలా తీస్తాం అని. జలంధర్–ఫిరోజ్‌పూర్ మధ్య బ్రాడ్‌గేజి మీద మామూలు ఆవిరి బండి చివరిసారి నడిచింది 1995 డిసెంబరు 6న. అప్పుడు పార పట్టిన కుర్రాళ్ళు కూడా ఇప్పుడు ముసలివాళ్ళు. నిజమే. కానీ మనిషి లేకపోయినా అతను పట్టుకున్నవి ఉన్నాయి. రెగ్యులేటర్ పిడి అరచేయి రాసుకుని అరిగి ఉంటుంది. ఫైర్‌హోల్ తలుపు అంచు పార తగిలి తగిలి నొక్కుకుపోయి ఉంటుంది. కాళ్ళు ఆనించిన చోట ఇనుము పల్లం పడి ఉంటుంది. వీటి మీదికి రంగు డబ్బా ఇంకా పోలేదు, వెళ్ళేలోపు తీసిపెట్టుకోవాలి. పనిమనిషి చేతి ముద్రల్లాంటివి అవి. మరీ కావాలంటే దిమ్మె నీడలో పడుకున్న ఆయన్నైనా ఫ్రేములో ఉండనిద్దాం, ఇవాళ ఆ ఇంజను ఎవరికైనా ఉపయోగపడుతోందంటే ఆయనకే.

చెయ్యాల్సింది ఏమంత కష్టం కాదు. కెమెరా తనంతట తను లెక్క కడితే నల్లటిదాన్ని కూడా బూడిదరంగు చెయ్యబోతుంది, ఫోన్లు ఇంకా ఎక్కువ, మసిని కూడా వెలిగించేస్తాయి. కాబట్టి వెలుతురు ఒక మెట్టు తగ్గించుకోండి. లెన్సుని చువ్వల మధ్య సందులోకి ఆనించండి, అప్పుడు చువ్వలు అడ్డు రావు, చెయ్యి కూడా కదలదు. ఫ్లాష్ వెయ్యకండి. గార్డు వస్తాడు. నాకొకాయన వచ్చాడు, ఫోన్ అయితే పర్లేదు సార్, కెమెరాకి పర్మిషన్ ఉండాలి అన్నాడు. నా ఫోన్ 50 మెగాపిక్సెళ్ళు, కెమెరా 24. వాదించలేదు, ఫోన్‌తోనే తీశాను.

అవును, రెండోసారి వెళ్ళాను. ఎనిమిది నెలల తర్వాత, ఆ క్యాబ్ కోసమే. చువ్వల్లోంచి చెయ్యి పెట్టి ఇరవై దాకా తీశాను. చాలావరకు కదిలిపోయాయి, నాలుగైదు నిలిచాయి. వెలుతురు సరిగా లేదు, రంగులు లేవు, వంకరగా వచ్చాయి. ఆ వారమే బిట్రగుంట వెళ్ళి తాతయ్య మంచం పక్కన కూర్చుని ఫోను చేతికిచ్చాను. అప్పటికి ఆయన పెద్దగా మాట్లాడ్డం మానేశాడు. రెండు వేళ్ళతో పెద్దది చేసుకోవడం ఎలాగో చూపించాను. చాలాసేపు ఒక్కో మూలా జరుపుకుంటూ చూశాడు.

"నీళ్ళ గ్లాసులు రెండూ పెరికేసినారు," అన్నాడు. ఇంకాస్త జరిపాడు. "ఇంజెక్టరు పిడి ఉండాది." మళ్ళీ జరిపాడు. ఫైర్‌హోల్ తలుపు ఓరగా తెరిచి ఉంది. అక్కడ ఆగాడు. వేలితో ఇంకా పెద్దది చేశాడు, ఫోన్‌ని కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకున్నాడు. లోపల ఎవరో పారేసిన చిప్స్ ప్యాకెట్లు, ఒక నీళ్ళ సీసా.

"ఎవురబ్బయ్యా ఇందులో చెత్త ఏసింది?" అన్నాడు. ఆ ఏడాది మొత్తం ఆయన గొంతు అంత గట్టిగా లేవడం నేను వినలేదు.